వాడు తల ఊపలేదు

ఒక అబద్ధం నాతో దాదాపు ఇరవై ఏళ్లుగా ఉంది. దాని బరువుకు నేను కుంగిపోయానని అనుకునేరు. లేదు. ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్లి చేసుకున్నాను, పొట్ట కూడా పెంచుకున్నాను. నాకు రోత పుట్టేది అందుకే. బరువంతా ఇంకొకడి నెత్తిన పెట్టి, నేను వాడి పక్కన చేతులూపుకుంటూ నడిచాను. పైగా వాడికి తోడున్నందుకు నలుగురిచేత మంచివాడిననిపించుకున్నాను.

నా పేరు మీకు అక్కర్లేదు. వాడిని సమ్మయ్య అందాం. మా వరంగల్ వైపు వీధికిద్దరు సమ్మయ్యలుంటారు కాబట్టి ఎవరూ పోల్చుకోలేరు. చూశారా, ఇప్పుడు కూడా దాక్కునే దారి ముందే చూసుకుంటున్నాను.

కుర్రతనంలో మేమిద్దరం కొత్తవాడ దగ్గర ఒక మరమగ్గాల షెడ్డులో పనిచేశాం. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. నాకు నాలుగు సాంచాలు, వాడికి నాలుగు, పక్కపక్కనే. వాడు నన్ను బావా అనేవాడు. నిజానికి మాకు చుట్టరికం లేదు, కులం ఒకటే కాబట్టి ఆ పిలుపు. షిఫ్టు దిగాక ఇద్దరం ఒక ఇంటర్నెట్ సెంటరుకు పోయేవాళ్లం. దాని యజమాని దగ్గర సీడీల కట్ట ఒకటుండేది. అందులోనే మాకు ఆ పాత జపాను యానిమే దొరికింది.

మనుషులు లోపల కూర్చుని నడిపే తాటిచెట్టంత ఇనుప యంత్రాలు, వాటితో యుద్ధం. మెకా అంటారట ఇలాంటివాటిని. అయితే మాకు నచ్చిన ఈ సీరియల్లో లోకాన్ని కాపాడే వీరుడెవడూ లేడు. అడవిలో, బురదలో, ఎవరికీ పట్టని ఒక చిన్న దళం. వాళ్లకిచ్చినవన్నీ పాత యంత్రాలు. ఒకదానికి మోకాలు పట్టేస్తుంది, ఇంకొకదానికి ఇంజను వేడెక్కి పొగలొస్తుంది. తిండి బాగుండదు. జీతం రాదు. పై అధికారి తిడతాడు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మాకు సగమే అర్థమయ్యేవి, కానీ ఆ బతుకు పూర్తిగా అర్థమైంది. నూనె డబ్బా పట్టుకుని యంత్రం కిందికి దూరే సైనికుణ్ణి చూసి సమ్మయ్య, "గీడు మనోడే బావా" అని తొడ చరిచేవాడు.

నాకేమో ఆ దళంలోని సార్జెంటంటే పిచ్చి. మాటకారి. ఎంత తప్పు చేసినా ఏదో ఒకటి అల్లి బయటపడేవాడు. వాడిలా జుట్టు వెనక్కి తోసుకోవడం నేర్చుకున్నాను. వాడి దగ్గర ఇంకేం నేర్చుకున్నానో మొన్న మొన్నటిదాకా నాకు గుర్తులేదు. గుర్తులేదా? గుర్తుండకూడదనుకున్నానా? ఏమో. ఈ ఒక్క విషయంలో నన్ను నేనే నమ్మను.

ఆ రోజు సంగతి చెప్పాలి.

నాడె తెలుసు కదా, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తుతూ అడ్డపోగు వేసేది. మొనలకు ఇనుము తొడిగిన కొయ్య ముక్క. మరమగ్గం మీద అది తుపాకి గుండులా పోతుంది. దారితప్పి బయటికి ఎగరకుండా ముందు ఒక కమ్మీ అడ్డంగా ఉంటుంది. గార్డు అంటారు. తెగిన పోగు అతికేటప్పుడు ఆ గార్డు చేతికి అడ్డొస్తుంది. అందుకని నేను నా చివరి సాంచాకు దాన్ని పైకెత్తి తాడుతో కట్టేశాను. బద్ధకం, ఇంకేం లేదు. నేను మాత్రం ఆ సాంచా ముందు ఎప్పుడూ పక్కకు ఒదిగి నిలబడేవాడిని. నా ఒళ్లు నేను కాపాడుకునేవాడిని.

షెడ్డులో చప్పుడుకు ఒకడి మాట ఒకడికి వినబడదు. అన్నీ చేతి సైగలే. ఒకడు బయటికి పోవాల్సి వస్తే తన సాంచాలు పక్కవాడికి అప్పజెప్తాడు. బొటనవేలు ఎత్తి చూపిస్తే అన్నీ సరిగా ఉన్నాయని అర్థం. ఏదైనా సాంచాలో లోపముంటే పిడికిలి బిగించి దానివైపు చూపించాలి, అవతలివాడు తల ఊపేదాకా అక్కడే నిలబడాలి. బొటనవేలు చూపించాక మాత్రం పక్కవాడు వచ్చి తనిఖీ చేయడు. చేస్తే నీ మాట నమ్మలేదని మొహం మీద అన్నట్టే. మా షెడ్డులో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఆ సీరియల్ ఆఖరి ఎపిసోడ్ ఉన్న సీడీ వచ్చిందని, సాయంత్రానికల్లా వేరేవాళ్లకు ఇచ్చేస్తానని సెంటరువాడు కబురు చేశాడు. షిఫ్టు అయ్యేదాకా ఆగలేకపోయాను. సమ్మయ్యకు సైగ చేశాను. బొటనవేలు ఎత్తాను. వాడు నవ్వి, పొమ్మని చేయి ఊపాడు. గార్డు సంగతి గుర్తొచ్చిందా అంటే, వచ్చింది. గడప దగ్గర వచ్చింది. వెనక్కి పోయి తాడు విప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ సీడీ చేయి దాటిపోతుందేమోనని తొందర. పోయి చూశాను. బాగుంది. ఆఖర్న కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. బొమ్మల సైనికులకు ఏడ్చిన కళ్లు ఇవి.

తిరిగి వచ్చేసరికి సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. ఆ షెడ్డు నిశ్శబ్దాన్ని వినడం అదే మొదటిసారి. సమ్మయ్య నా చివరి సాంచాకు తెగిన పోగు అతికి, మళ్లీ నడిపి, పక్కకు జరిగేలోపే నాడె ఎగిరిందట. ఎడమకన్ను.

దవాఖానలో వాడి మంచం పక్కన కూర్చున్నాను. మందు వాసన, రక్తం వాసన. వాడి మొహం సగానికి కట్టు. బయట షెడ్డు యజమాని సేటు ఉన్నాడు, గార్డు కట్టిందెవడో తేల్చాలని అరుస్తున్నాడు. సమ్మయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగాడు.

"బావా, గార్డు కట్టినవని నాకు చెప్పినవా?"

"చెప్పిన. ముందుగాల బొటనేలు సూపెట్టిన, తర్వాత పిడికిలి పట్టి గా సాంచ దిక్కు సూపెట్టిన గదా."

"నాకు బొటనేలే యాదికున్నది."

"నువ్వు తలకాయ ఊపినవ్ సమ్మయ్యా. ఊపినంకనే నేను పోయిన."

వాడు కట్టు మీద వేళ్లు పెట్టి తడుముకున్నాడు. తర్వాత, "అయితే నాకే ధ్యాస లేదు" అన్నాడు.

అంతే. నేను సేటుకూ అదే చెప్పాను. వాడూ అదే చెప్పాడు, నాకంటే గట్టిగా. నా ఉద్యోగం పోకుండా నన్ను వెనకేసుకొచ్చింది వాడే.

తర్వాత కొన్నాళ్లు నేను వాడికి సేవ చేశాను. చుక్కల మందు వేశాను, స్నానానికి తీసుకుపోయాను. వాడలో నా మంచితనం చెప్పుకున్నారు. వాడి తల్లి మాత్రం కొడుకును తిట్టిపోసేది. "చెప్తె వినవు, చూస్తె చూడవు, ధ్యాస లేనోడా" అని. నేను అక్కడే, అరుగు మీద, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ ఉండేవాడిని. ఆమె చనిపోయేదాకా ఆ తిట్టు తిడుతూనే ఉంది. ఒక్కసారైనా ఆ చాయ్ నా గొంతుకు అడ్డం పడలేదు.

వాడు మళ్లీ సాంచా ముట్టుకోలేదు. అదే షెడ్డులో ఒక మూల కూర్చుని నాడెల్లో పెట్టే నూలు కండెలు చుడుతున్నాడు. కన్ను పోయినందుకు కాదు, ఒంటికన్నుతో సాంచాలు నడిపేవాళ్లను నేను చూశాను. తనమీద తనకే నమ్మకం పోయింది. ఎవరు ఏం చెప్పినా తిరిగి అప్పజెప్తాడు. భార్య ఉల్లిగడ్డలు తెమ్మంటే, "ఉల్లిగడ్డలు అన్నవు, అంతేనా? ఇంకేమన్న అన్నవా?" అంటాడు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా పోయి మళ్లీ వెనక్కొస్తాడు, గుంజి చూస్తాడు. బిడ్డను సైకిలెక్కించుకోడు. పిల్లలు నవ్వుతారు. వాడూ నవ్వుతాడు. నేనూ నవ్వాను. అవును, నేనూ. ఎలా నవ్వగలిగానని మీరు అడగొచ్చు. పళ్లు కనబడేలాగే నవ్వాను.

నేను షెడ్డు మానేసి, డిగ్రీ పరీక్షలకు కట్టి, ఊళ్లోనే సుబేదారిలో ఒక ఆఫీసులో చేరాను. ఈ మధ్య ఆ సీరియల్ ఫోనులో దొరికింది. వాడికి చెప్పాను. ఎందుకు చెప్పాను? పాత రోజుల మీద ప్రేమతో అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, నా లోపలిదేదో దొరికిపోవాలని కోరుకుందేమోనని. మళ్లీ గొప్పలు పోతున్నాను. అంత మంచిది నా లోపల ఏదీ ఉన్నట్టు లేదు.

ఆదివారాలు మధ్యాహ్నం మా ఇంట్లో టీవీకి కలిపి చూడటం మొదలుపెట్టాం. వాడు కుర్చీని పక్కకు తిప్పుకుని, కుడికన్ను తెరకేసి పెట్టుకుని కూర్చునేవాడు. అదే బురద, అవే యంత్రాలు. వాడు చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు.

అలా ఒక ఆదివారం, నేను పూర్తిగా మరిచిపోయిన సీనొకటి వచ్చింది. సార్జెంటు బ్రేకు పాడైన తన యంత్రాన్ని కొత్తగా వచ్చిన సైనికుడికి అంటగట్టి కల్లు తాగడానికి పోతాడు. కొత్తవాడు యంత్రంతో సహా వాగులో పడతాడు. కెప్టెన్ నిలదీస్తే సార్జెంటు జుట్టు వెనక్కి తోసుకుని అంటాడు, వాడికి చెప్పాను సార్, వాడు తల కూడా ఊపాడు అని. అది నవ్వులాట సీను. ఆ రోజుల్లో ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

నా అబద్ధం కూడా నాది కాదు. దవాఖానలో ఆ మంచం పక్కన, ఆ రక్తం వాసనలో, నేను ఒక బొమ్మల సీరియల్లోని జోకును అప్పు తెచ్చుకున్నాను. కంగారులో నోరు జారానని ఇన్నాళ్లు నాకు నేను చెప్పుకున్న సాకు కూడా పోయింది. పక్కకు చూశాను. సమ్మయ్య నవ్వుతున్నాడు. అప్పట్లాగే, తొడ చరుస్తూ. "భలే తప్పించుకున్నడు బావా" అన్నాడు. లేచి బాత్రూముకు పోయి వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చి, మధ్యాహ్నం తిన్నది పడలేదన్నాను. ఇంకొక అబద్ధం. వాడు లేచి నాకు నిమ్మకాయ నీళ్లు కలిపి ఇచ్చాడు.

అయినా చెప్పలేదు. ఇంకా కొన్ని ఆదివారాలు చూశాం.

ఆఖరి ఎపిసోడ్ నాడు వాడు కొంచెం ఆలస్యంగా వచ్చాడు. వాడు ఆ ఎపిసోడ్ ఎప్పుడూ చూడలేదు. నేను చూడటానికే కదా వాడు ఆ పూట నా సాంచాలు చూసింది. కూర్చుంటూనే ఒక ముచ్చట చెప్పాడు. షెడ్డు మేస్త్రి మానేశాడట, ఆ పని సమ్మయ్యను చేయమని సేటు కొడుకు అడిగాడట, సోమవారం జవాబు చెప్పాలట. వద్దని చెప్తాడట.

"ఎందుకురా?" అన్నాను.

"నా అసోంటోనికి అందరి పానాలు అప్పజెప్తరా బావా? గా పొద్దు నేను తలకాయ ఊపి మరిచిపోయినోన్ని. రేపు ఇంకెవని కన్నో పోతది."

ఎంత మామూలుగా అన్నాడంటే, ఇవాళ ఎండగా ఉందన్నట్టు అన్నాడు. టీవీలో పాట మొదలైంది. నేను రిమోట్ తీసుకుని ఆపేశాను.

చెప్పాను. తాడు సంగతి, గడప దగ్గర గుర్తొచ్చిన సంగతి, పిడికిలి చూపించని సంగతి. ఏడవలేదు, క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. చెప్పేటప్పుడు నా గొంతు చాలా స్పష్టంగా ఉంది. ఇంత సులువా అనిపించింది. ఇంత సులువైన పనిని ఇన్నేళ్లు చేయలేదా నేను!

వాడు కుర్చీ నా వైపు తిప్పుకుని, కుడికన్ను నా మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. కొడతాడని ఆశపడ్డాను. చివరికి, అలవాటు ప్రకారం, నేను చెప్పింది తిరిగి అప్పజెప్పాడు.

"నువ్వు చెప్పలే. నేను తలకాయ ఊపలే. అంతేనా?"

"అంతే."

"మరి నాకు యాదికున్నది గదా బావా," అన్నాడు. "నేను ఊపుడు. పండుకుంటె కండ్లల్ల కనిపిస్తది. నువ్వు పిడికిలి పట్టి నిలబడ్డది, నేను ఊపింది. రోజు కనిపిస్తది."

జరగనిదాన్ని నేను వాడి తలలో నాటాను. వాడు దానికి నీళ్లుపోసి ఇరవై ఏళ్లు పెంచాడు. కన్ను ప్రమాదంలో పోయిందని ఎవరైనా అనొచ్చు. ఇది మాత్రం నేను నా చేతులతో చేశాను.

వాడు లేచాడు. చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నాకు ఫోన్ చెయ్యకు" అన్నాడు. ఆ మాటలో బావా లేదు.

చేయలేదు. మేస్త్రి పనికి ఒప్పుకున్నాడని షెడ్డులో పాతవాడొకడు చెప్పాడు. చేరిన రోజే సాంచా సాంచాకూ తిరిగి, పైకి కట్టిన ప్రతి గార్డు తాడూ కోసేశాడట. అది విని సంతోషపడే హక్కు నాకు లేదు. పడ్డాను.

ఇదంతా మీకెందుకు రాస్తున్నాను? మీరు నన్ను క్షమించలేరు, అది మీ చేతిలో లేదు. వాడి చేతిలో ఉంది. వాడు క్షమించడు. క్షమించకూడదు. రాయడం పూర్తయ్యాక మాత్రం విపరీతంగా ఆకలేసింది. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను. ఇంత హాయిగా తినగలుగుతున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ముద్ద వదల్లేదు.