చుక్క తర్వాత అయిదు

మొన్న మా వరండాకి ఇనప ఊచలు బిగించాలని ఊరి చివర తాల్‌బగీచా నుంచి బెంగాలీ మేస్త్రి వచ్చాడు. గోడ కొలిచి, ఊచకీ ఊచకీ మధ్య వదలాల్సిన ఎడమెంతో సుద్దముక్కతో గోడమీదే రాసుకుని, చార్ సూత్ రాడ్లు తెప్పించమని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాలుగు సూత్‌లైతే అర అంగుళం. ఇనప కొట్లలో ఇవాళ్టికీ ఆ మాటే నడుస్తోందంటే సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది. మా నాన్నను ముంచిన మాట అది.

అరవైలలో అంగుళాలు పోయి మిల్లీమీటర్లు రావడం మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మేమప్పుడు ఇదే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ, అంటే ఫిట్టర్ల చేతికింద మోతపని. ట్రేడ్ టెస్టు పాసైతే ఫిట్టరవుతాడు, ఫిట్టరైతే నన్ను మిడ్నాపూర్‌లో కాలేజీకి పంపుతాడు. అదీ ఇంట్లో అనుకున్న మాట. ఆ టెస్టులో చేతిపనితోపాటు లెక్కల కాగితం కూడా ఉండేది. శ్రీకాకుళం వైపు పల్లెలో చిన్నప్పుడే పలక వదిలేసిన నాన్నకు, తెలుగు మీడియంలో చదువుకుంటున్న నేనే పంతులమ్మనయ్యాను.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక వంటింటి గడప దగ్గర కూర్చునేవాళ్లం. అంకెలంటే అక్షరాల్లాంటివనీ, సంఖ్యలు వాటితో కట్టిన మాటలనీ, తొమ్మిది దాటాక కొత్త అక్షరం లేదు గనక ఉన్నవాటినే పక్కపక్కన పేర్చుకోవాలనీ చెప్పేదాన్ని. అమ్మ చేసిన దిబ్బరొట్టె కోసి, మొత్తం ఎన్ని ముక్కలు చేశామో చెప్పేది గీత కిందుండే హారం, అందులో మనం తీసుకున్నవెన్నో చెప్పేది గీత పైనుండే లవం అంటూ ఉంటే, ఆకలిమీద వచ్చిన మనిషికి తిండి పెట్టకుండా ఈ లవాల గోలేమిటని అమ్మ విసుక్కునేది. ఒకదానికింద ఒకటిగా రెండు అడ్డగీతలుంటే త్రాసు ముల్లు మధ్యలో నిలిచినట్టు, రెండువైపులా సమానమన్నమాట. నోరు తెరిచిన గుర్తు మాత్రం ఎప్పుడూ పెద్దదానివైపే నోరు తెరుస్తుందని చెబితే నాన్న పకపకా నవ్వాడు. "అంటే మా మీదుండే సార్జిమేను లాగన్నమాట. పెద్దోడు కనబడితే సాలు, పళ్లన్నీ బయటెట్టేస్తాడు."

చిక్కంతా చుక్క దగ్గర వచ్చింది. దశాంశ బిందువుకు ఎడమవైపువి పూర్తివి, కుడివైపువి పదో వంతులు, కాబట్టి చుక్క తర్వాత అయిదంటే సగం అన్నాను. నాన్న తల ఊపాడుగానీ మనసు ఒప్పలేదు. "పదేటమ్మా, సగంలో సగం సేస్తే రెండున్నర అయిపోద్ది. ఎనిమిదైతే సగం, దాన్లో సగం, మళ్లీ దాన్లో సగం, సక్కగా ఇరుగుద్ది." ఎనిమిదిని నమ్ముకుని బతికిన మనిషి. వాళ్ల షాపులో ఇనుముమీద సుద్దతో ఒకటి రాసి, చుక్క పెట్టి, పక్కన నాలుగు రాస్తే ఒక అంగుళం నాలుగు సూత్‌లని లెక్కట. టెస్టు అయ్యేదాకా అది నాకు ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని ఆయనకూ తోచలేదు.

టెస్టులో ఒకవైపు ఒకటి, చుక్క, అయిదు ఇచ్చి, రెండోవైపు ఒకటిన్నర ఇచ్చి, మధ్యలో సరైన గుర్తు పెట్టమన్నారు. నాన్న శ్రద్ధగా చుక్క ఉన్నవైపు నోరు తెరిచి పెట్టి వచ్చాడు. ఆయన లెక్కకి సగమంటే నాలుగు సూత్‌లు, అక్కడున్నవి అయిదు మరి. చుక్కలున్న లెక్కలన్నీ అదే దారిన పోయాయి. చేతిపనిలో నెగ్గి కాగితంలో పోయాడు.

ఆ సంగతి తెలిసిన రోజు చొక్కా విప్పకుండానే గడపమీద కూర్చుని, "గుర్తు నువ్వు సెప్పినట్టే ఎట్టినానమ్మా, నోరు పెద్దదాని కాసే ఉంది" అన్నాడు. మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. మళ్లీ తల ఊపాడు. అర్థమై ఊపిన తల కాదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా టెస్టుకి కూర్చోలేదు, ఖలాసీగా చేరి ఖలాసీగానే రిటైరయ్యాడు. నా కాలేజీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ దుఃఖం ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు అందరూ ఇంగ్లీషులో చదివే మా వీధిలో లవం, హారం అంటే తెలిసిన పిల్ల ఒక్కతీ లేదు. నాతోనే పోయే మాటలవి. కాలం మారింది, పాత కొలతలతోపాటు నాన్నా వెనకబడిపోయాడు, ఎవరేం చేస్తారని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. తీరా చూస్తే సూత్ ఎక్కడికీ పోలేదు, బజార్లో హాయిగా తిరుగుతోంది. పోయింది మా నాన్నే.

నిన్న రాడ్లు వచ్చాయి. మేస్త్రి ఇంకా రాలేదు. గోడమీద ఏం రాశాడా అని కళ్లజోడు పెట్టుకుని చూశాను. మూడు, చుక్క, అయిదు. మూడున్నర అంగుళాలో, మూడంగుళాల అయిదు సూత్‌లో నాకు అంతుపట్టలేదు. ఒక్క చూపులో చెప్పగల మనిషి మా ఇంట్లో ఒకప్పుడు ఉండేవాడు.