నేనూ, సర్వరూ, ఆయనగారి కూలరూ

మా ఇన్‌ఛార్జి మీద కసి నాకు ఇప్పటికీ చావలేదు. చావనివ్వను కూడా.

తొంభైల చివర్లో నేను హిందీవాళ్ళ ఊరు బిలాస్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్ల మధ్యనున్న ఒక లైబ్రరీలో క్లర్కుగా చేసేదాన్ని. అప్పుడే మూడు లైబ్రరీల పుస్తకాల జాబితాలను ఒకేసారి వెతికే ఏర్పాటు వచ్చింది. మాది ఒకటి, ట్రైనింగ్ స్కూలుది ఒకటి, తార్‌బహార్ పేటలో మన తెలుగువాళ్ళ సంఘానిది ఒకటి. సంఘం ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి ఆ పుస్తకాలన్నీ మా దగ్గరే పెట్టారు. కంప్యూటర్లో పేరు ఒక్కసారి కొడితే చాలు, వెనక గదిలోని సర్వరు మిషన్ మూడు జాబితాల్లోనూ వెతికి పుస్తకం ఎక్కడుందో చెప్పేది. తెలుగు జాబితా మొత్తం నేను కొట్టిందే. వేళ్ళు పీకేవి. అయినా కూరలకని బయల్దేరిన ఆడవాళ్ళు సంచీతోనే లోపలికొచ్చి, ఫలానా నవల ఉందా అని అడిగేవారు. ఉందంటే వాళ్ళ మొహాలు చూడాలి.

ఎండలు ముదిరేసరికి సర్వరు మొరాయించింది. పేరు కొట్టి, టీ తాగి వచ్చినా జవాబు ఉండేది కాదు. మా ఇన్‌ఛార్జి ఒక్క మాటలో తేల్చేశాడు, తెలుగు జాబితా బరువెక్కువైందని. ఆయనా మా శ్రీకాకుళం వైపువాడే. కానీ నలుగురిలో తెలుగు ఊసెత్తితే పక్షపాతం అంటారని భయం, తప్పు మనవాళ్ళ నెత్తిన రుద్దితే పైవాళ్ళు మెచ్చుకుంటారని ఆశ. మన తెలుగు జాబితాను వెతుకులాటలోంచి తీసేయించాడు. అంతటితో ఆగాడా? వెతికితే కనబడని పుస్తకాలకు బీరువాలెందుకు, ఇన్‌స్పెక్షన్ అవగానే గోడౌన్‌కి పంపేద్దామన్నాడు. ఆ గోడౌన్‌లో వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. పుస్తకాలను చంపేద్దామని నేరుగా అంటే సరిపోయేది.

అసలు సంగతి వేరే ఉంది. సర్వరు గదికని కొన్న కూలర్‌ను ఆయన తన గదిలో పెట్టించుకున్నాడు. అది ఉండాల్సిన కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టించాడు. ఆ గదిలో మనిషే నిలవలేడు. ఆ వేడికి డిస్కు ఒకసారి చదవాల్సిన దాన్ని మళ్ళీ మళ్ళీ తడుముకునేది, ఆపైన ఆగిపోయేది. తెలుగు జాబితా తీసేశాకా అదే తంతు. ఈ మాట మర్యాదగానే చెప్పాను. మిషన్‌కి చెమట పడుతుందా అని నవ్వి, పక్కనున్నవాళ్ళనీ నవ్వించాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ నవ్వుకు బదులు తీర్చుకోకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

ఇన్‌స్పెక్షన్ రోజు రానే వచ్చింది. వచ్చే పెద్దాఫీసరుకు ఈ వెతుకులాట చూపించాలి. కుర్చీలు, టీ నన్ను చూసుకోమన్నాడు ఇన్‌ఛార్జి. కుర్చీలు ఎక్కడ వేయాలో మాత్రం చెప్పలేదు. నేను తన చల్లటి గదిలోనే వేస్తానని ఆయన ధీమా. నేను శుభ్రంగా సర్వరు గదిలో వేయించాను. ఆఫీసరు గుమ్మంలోకి రాగానే, మిషన్ ఇక్కడుంది సర్ అంటూ హిందీలో నేనే దారి చూపించాను. ఆఫీసరు సంతోషంగా వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడు ఇన్‌ఛార్జి నావైపు చూసిన చూపు తలుచుకుంటే ఈనాటికీ నాకు కడుపు నిండుతుంది.

ఆఫీసరు ఏదో హిందీ పుస్తకం పేరు చెప్పాడు. ఇన్‌ఛార్జి కొట్టాడు. తెర కదల్లేదు. ఆఫీసరు రుమాలు తీసి మెడ తుడుచుకుంటూ, ఎందుకింత ఆలస్యం అన్నాడు. అలవాటైన నోరు కదా, ఇన్‌ఛార్జి ఠక్కున అనేశాడు, తెలుగు పుస్తకాల వల్ల సర్ అని.

"అవి ఇందులో లేవు సర్," అన్నాను. "ఎప్పుడో తీసేశారు. తీసేయించింది మా ఇన్‌ఛార్జి సారే."

పక్క గదిలో కూలర్ తిరుగుతున్న చప్పుడు బాగా వినబడింది. ఆఫీసరు కిటికీకున్న అట్టముక్కను చూశాడు, లేచి వెళ్ళి పక్క గదిలోకి తొంగి చూశాడు. అరవలేదు. అరిస్తే బాగుండునని నాకుంది. కూలర్ ఎక్కడిదక్కడ పెట్టి, తెలుగు జాబితా కూడా కలిపి, సాయంత్రం మళ్ళీ చూపించమన్నాడు. టీ ముట్టుకోలేదు. సాయంత్రం నేనే కూర్చుని, కావాలని తెలుగు నవల పేరే కొట్టాను. మూడు జాబితాలూ వెతికి జవాబు చకచకా వచ్చేసింది. గోడౌన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయినా నా కసి తీరలేదు. మర్నాటి నుంచి నా కుర్చీ కూడా సర్వరు గదిలోనే వేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఇన్‌ఛార్జి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఆఫీసులో నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదలు.

"తలుపు కాస్త తీసుంచమ్మా. గాలి ఇటూ వస్తాది. మనోళ్ళమే కదేటి."

"తీస్తే మిషన్ నెమ్మదిస్తాది సార్," అని, ఆయన మొహం మీదే తలుపేసి గడియ పెట్టాను.