పైకి తిరగని అరచెయ్యి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని, పాలవాడినీ నమ్మను, పాలనూ నమ్మను! అలాంటి నన్ను దేవుడు ఎలా వంచాడో వినండి.

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దించే పని నాది. జారుతున్న డ్రమ్మును ఆపబోతే కుడి మోచేతి మడతలో టప్పుమని ఏదో తెగింది, దండచేతి కండ పైకి ఎగబాకి ముద్దకట్టింది, మడతంతా నల్లగా కమిలింది. సంగారెడ్డి డాక్టరుగారు అక్కడ వేలు పెట్టి వెతికి, కండను ముంజేతి ఎముకకు కట్టి ఉంచే పట్టీ ఊడిపోయిందనీ, అది ముడుచుకుపోకముందే ఆపరేషన్ చేసి అతికించాలనీ, పక్కనే వేళ్లను ఎత్తే నరం ఉంది కాబట్టి జాగ్రత్తగా చేయాలనీ చెప్పారు. నరం సంగతి ముందే ఎందుకు చెప్తున్నాడు? రేపు వేళ్లు పడిపోతే తప్పించుకోవడానికే!

"తెగితే చెయ్యెట్ల వంగుతది? నన్ను ఉత్తగనే కోస్తడు" అన్నాను. "వంచెతందుకు లోపల ఇంకో కండ ఉన్నదట, తిప్పెతందుకే గిది కావాల్నట. సారుకు నీతోని ఏం పగ?" అంది నా భార్య సువార్త. ఆమెనూ అనుమానించాను, ఇద్దరూ ఒక్కటయ్యారని!

ఆ ఆదివారం సంస్కారపు బల్ల దగ్గర మోకరించాను. మన సంఘంలో కుడి అరచేతిని ఎడమ దానిపై వెల్లకిలా పెట్టి రొట్టె అందుకుంటాం కదా, నా కుడి అరచెయ్యి సగం తిరిగి ఆగిపోయింది, పాస్టరు అయ్యగారు రొట్టె పట్టుకుని నిలబడ్డారు, నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ప్రభువా, గీ చెయ్యి వంగుతున్నది గాని నీ దిక్కు తిరుగుతలేదు. ఎవ్వరినీ నమ్మబుద్ధి అయితలేదు, నిన్ను గూడ నమ్ముతలేనేమో! జెర నువ్వే తిప్పు తండ్రీ!"

మర్నాడే ఆసుపత్రిలో చేరాను. మత్తు దిగగానే ఎవరి మాటా వినకుండా ముందు వేళ్లు ఎత్తి చూసుకున్నాను, అన్నీ లేచాయి! దేవునికే మహిమ! ఆ డాక్టరుగారి చేతులకూ దీవెన కలుగును గాక! ఆపైన నెలల తరబడి కసరత్తు చేశాను, సువార్త దగ్గరుండి చేయించింది.

ఇంతసేపూ నమ్మకం గురించి చెప్పాను గానీ, పాలవాడి మీద అనుమానం ఇంకా పోలేదు, నా కోసం ప్రార్థించండి. కానీ సహోదరులారా, తల వంగుతోంది కదా, మోకాలు వంగుతోంది కదా అని మీరూ మోసపోకండి, ఒక్కసారి అరచెయ్యి ఆయన వైపు తిప్పి చూడండి. పోయిన ఆదివారం నేను తిప్పాను. రొట్టె నా చేతిలో పడింది.