గోలీ పలకని వేసవి

వానలు మొదలయ్యే ముందు మున్సిపాలిటీ వాళ్ళు మా ఖరగ్‌పూర్ పూరీ గేట్ వీధుల్లో కాలవల వెంబడి బ్లీచింగ్ పౌడరు చల్లుకుంటూ పోతారు. వీధిలో అందరూ ముక్కులు మూసుకుంటే నేను కిటికీ తెరుస్తాను. నాకది మా నాన్నగారి చొక్కా వాసన.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళందరూ రైల్వే వర్క్‌షాప్ కూతకు లేచే రోజుల్లో మేము సీసాల్లోకి గ్యాసు పట్టే సోడా చక్రం చప్పుడుకు లేచేవాళ్ళం. ఒకరి కింద పనిచేయనని తాతగారు విజయనగరం నుంచి వచ్చి పెట్టిన గోలీసోడా కార్ఖానా మాది. ఎర్రమట్టి ముంగిలి, తడి గోనెల కింద ఒదిగిన ఆకుపచ్చ సీసాలు, నిమ్మతొక్కల చేదు వాసన, అల్లం ఘాటు, షిఫ్టు వదలగానే గంటలు మోగించుకుంటూ మా గుమ్మం ముందు ఆగే సైకిళ్ళు. అమ్మవారి మాతా పూజకు ఆడవాళ్ళు ఘటాలెత్తుకుని కాలే రోడ్డు మీద వరసగా వస్తుంటే, నానమ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ తన చేత్తో సోడా కొట్టి ఇచ్చేది. బొటనవేలు వంచి గోలీని ఒక్క నొక్కు నొక్కితే అది కీచుమని అరిచి లోపలికి దిగేది. నాకూ ఆవిడే నేర్పింది. పగిలిన సీసాల గోలీలతో నేనూ, మా పెద్ద పనివాడు అప్పన్న మావ కూతురు నూకరత్నమూ ముంగిట్లో గుంటలు తవ్వి ఆడేవాళ్ళం.

కార్ఖానాకు ఒకటే కట్టుబాటు. ఖాళీ సీసా తెచ్చినవాడికే నిండు సీసా. సోడాకేముంది, నీళ్ళూ గాలీ, మన ఆస్తంతా సీసాలే అనేవారు తాతగారు.

నాకు పదేళ్ళప్పుడు, మాతా పూజ అయిన వారానికే, రైలు లైన్ల అవతలి బస్తీని వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కాచిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి గంటగంటకూ తాగించమన్నారు డాక్టరుగారు. కాచుకోవడానికి బొగ్గు లేని ఇళ్ళవి. నాన్నగారు చక్రం ఆపించారు. పూజకు అమ్మిన సోడాల సొమ్మంతా బొగ్గుకూ, సెలైన్‌కూ, బ్లీచింగ్ పౌడరుకూ పోయింది. ముంగిట్లో గుండిగలు మరిగాయి, ఆ ఉప్పునీళ్ళు సోడా సీసాల్లో నింపి బస్తీకి పంపమన్నారు.

"గేసు నేకపోతే గోలీ నిలబడదు బాబూ," అన్నాడు అప్పన్న మావ.

"గుడ్డ ఉడకేసి బిరడా ఎట్టు."

"మరి ఖాళీలో?"

"రోగమున్న ఇంటోళ్ళని ఖాళీ అడుగుతామేట్రా? ఎల్లిన సీసా ఎల్లినట్టే."

"సీసాలన్నీ ఎల్లిపోతే రేపేటి అమ్ముతాం బాబూ, గాలా?"

నాన్నగారు గుండిగ కింద ఇంకో పార బొగ్గు వేశారు. బజార్లో టీ కొట్టు దగ్గర జనం, "సోడా దొరగారు ఉప్పునీళ్ళు పంచుతన్నారట! పెళ్ళిళ్ళకీ అదే పోస్తారేటి?" అని నవ్వుకున్నారు.

మూడో వారం నూకరత్నమే ఆ జబ్బుతో పడిపోయింది. అప్పన్న మావ ఆ తర్వాత ఖాళీల మాట ఎత్తలేదు. నాన్నగారు పూటపూటా సైకిలు మీద సీసాలూ, బ్లీచింగ్ పౌడరూ బస్తీకి పట్టుకెళ్ళేవారు. నేను దాని గోలీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చక్రం చప్పుడు లేని గుమ్మంలో కూర్చునేదాన్ని. నాలుగో రోజు అప్పన్న మావ పరుగెత్తుకొచ్చాడు.

"కళ్ళు తెరిసినాది బాబూ! ఉప్పునీళ్ళు ఒద్దట, అరిసే సోడా కావాలంటంది!"

ఆ వేసవిలో నాన్నగారు నవ్వడం నేను చూసింది అప్పుడే.

వానలకు జబ్బు తగ్గింది. గోనెలెత్తితే కింద ఏమీ లేదు. సీసాలు బస్తీలో కిరసనాయిలు దీపాలయ్యాయి, గంగాజలం పాత్రలయ్యాయి. కొందరు కడిగి తెచ్చి ఇవ్వబోతే నాన్నగారు ముట్టలేదు. రోగం అంటుతుందన్న భయంతో కాదు, మరిగే నీళ్ళలో వేస్తే సరిపోతుందని ఆయనకు తెలుసు. ఇచ్చినది వెనక్కి తీసుకునే ఇల్లు కాదు మాది, అంతే. కలకత్తా నుంచి కొత్త సీసాలు తెప్పించే శక్తి లేకపోయింది. మరుసటి వేసవికి మూత బిగించిన రంగునీళ్ళు బజారు నిండా దిగాయి. చక్రం పోయింది, తర్వాత ఇల్లూ పోయింది. జాలిపడే అవకాశం మేమెవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడా చోట మోటారుసైకిళ్ళు అమ్ముతున్నారు. ముంగిలి మీద సిమెంటు పరిచారు, గోలీలకు గుంట తవ్వే మట్టే లేదు. నేనుండేది రెండు గదుల అద్దె ఇల్లు, అద్దె ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

పోయిన నెల నూకరత్నం ఇంటికి వెళ్ళాను. దాని కిటికీలో ఆకుపచ్చ సీసా, అందులో మనీప్లాంటు తీగ. నా చూపు కనిపెట్టి తీగ పీకేసి, సీసా కడిగి తెచ్చింది. సీసా మెడలో గోలీ టక్కుమంది.

"అట్టుకుపోయే, మీదే గదేటి. ఎన్నాళ్ళని కాపలా కాస్తాను?"

ఆ చల్లటి గాజు ఒక్కసారి పట్టుకుని, మూతి మీద బొటనవేలు వంచి ఆనించాను. ఆ ఒక్క సీసా కోసం ఈ వయసులో ఏమైనా ఇచ్చేసేదాన్ని.

"మేము ఖాళీలు వెనక్కి తీసుకోం," అన్నాను.

"ఒలమ్మో, మీ అయ్య పొగరు నీకు పోనేదే!" అని పకపకా నవ్వింది.

సీసా మళ్ళీ కిటికీలో నేనే పెట్టి, మెట్లు దిగాను. వీధి మలుపు దాటాక చూసుకుంటే నా బొటనవేలు ఇంకా వంగే ఉంది.