ఏడో పేజీలో చిత్రహింస, మన పేజీలో విచారణ

నక్సలైట్ల దళానికి అన్నం పెట్టాడని మా మండలంలో ఒక అడవి ఊరి రైతును పోలీసులు పట్టుకెళ్లారు. ముఖం మీద తువ్వాల కప్పి, ఊపిరాడకుండా నీళ్లు పోశారు. విలేఖరిగా నేను ‘చిత్రహింస’ అని రాసి పంపితే, ఈ రోజు పేపర్లో, మన జిల్లా పేజీలో ‘విచారణ’ అని వచ్చింది. అమెరికావాళ్లు ఖైదీలకు చేసిన ఇదే పని మాత్రం అదే పేపర్లో, విదేశీ వార్తల ఏడో పేజీలో చిత్రహింసే. మా వార్తలు దిద్దే డెస్కుకు ఫోన్ చేశాను.

“గక్కడ గట్ల, గిక్కడ గిట్ల ఏందన్నా?”

“అమెరికోళ్లు మన ఆఫీసుకొచ్చి నిలదీస్తరా తమ్మీ?”

ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది.

సాయంత్రం ఆ రైతు భార్య పేపర్ పట్టుకుని వచ్చింది. రేపు కొత్తగూడెంలో వకీలుకు చూపిస్తుందట. చదవమంటే చదివాను.

“గింతేనా సారూ?” అంది.

మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?