పదకొండు మంది చంటిపిల్లల సాక్ష్యం

నా పిర్రల మీది నీలి మచ్చ గురించి ఒక దొరసాని ఏకంగా ఫైలే రాసింది. మలయాలో మా సుంగై సిపుట్ ఊరి చుట్టుపక్కల ఇంకెవరికీ ఈ భాగ్యం దక్కలేదు కాబట్టి గొప్పగానే చెప్పుకుంటాను.

మా అమ్మ పోలమ్మ తాడు మీద నడిచేది. నాన్న మునుసామి కింద డప్పు కొట్టేవాడు. గడలు మోసుకుంటూ ఎస్టేటు నుంచి ఎస్టేటుకు తిరిగేవాళ్ళు. కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టాక, తిరిగేవాళ్ళంతా అడవిలోని తుపాకులవాళ్ళకు కబుర్లు మోస్తారని పోలీసులకు అనుమానం. మీ ఊరేదని అడిగితే చెప్పడానికి మావాళ్ళకు ఊరు లేదు. గుర్తింపు కార్డు కోసం ముళ్ళకంచె వేసిన ఒక రబ్బరు ఎస్టేటులో చెట్లు గీసి పాలు తీసే పనికి కుదిరారు. తొమ్మిదేళ్ళు గీసినా తోటి తెలుగువాళ్ళకు మేము తాడోళ్ళమే.

మెర్డెకాకు, అంటే స్వాతంత్ర్యానికి, ఇంకా నెల ఉందనగా పిల్లల సంక్షేమం చూసే కొత్త దొరసాని ఎస్టేటుకు వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిది నెలలు. తల్లులు పనిలో ఉంటే పిల్లల్ని చూసుకునే ఆయా చిన్నతల్లి నాకు నీళ్ళు పోస్తోంది. దొరసాని మచ్చ చూసి ఎవరు కొట్టారని అడిగింది. మాట అందించడానికి వెంట వచ్చిన గుమాస్తా, ఎస్టేటు మాటలో కిరాణీ, సూరిబాబు, వీళ్ళు తాడాటవాళ్ళు, కొట్టి ఆట నేర్పుతారు అన్నాడు. నాకప్పటికి కూర్చుంటే పక్కకు ఒరిగిపోవడం ఒక్కటే వచ్చు. అది పుట్టుమచ్చ, పెరిగితే పోతుందని చిన్నతల్లి నాలుగుసార్లు చెప్పిందట. ఆ మహానుభావుడు ఒక్కసారీ దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ పాలబకెట్లతో తిరిగొచ్చేసరికి ఊయల ఖాళీ. నన్ను ఈపో పట్నంలోని అనాథాశ్రమానికి తీసుకుపోయారు. పదో రోజున దొరసాని మళ్ళీ వస్తుందనీ, అమ్మచేత కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటే నేనిక తిరిగి రాననీ తెలిసింది. అమ్మ ఏడుస్తూనే ఉంది. చిన్నతల్లి మాత్రం ఏడవలేదు. నోటిమాటను సూరిబాబు ఆపగలడు గానీ కంటికి కనబడేదాన్ని ఎలా ఆపుతాడు అనుకుంది. లైన్లు అనే కూలీల ఇళ్ళ వరసలన్నీ తిరిగింది. గేటు కాపలా ఉండే మలాయ్ ఆయన భార్యనూ, కొట్టు నడిపే చీనా ఆవిడనూ బతిమాలింది.

పదో రోజున దొరసాని వచ్చేసరికి చాపల మీద పదకొండు మంది చంటిపిల్లలు బోర్లా పడుకొని ఉన్నారు, ఒంటి మీద నూలుపోగు లేకుండా. మలాయ్, చీనా, తమిళం, తెలుగు, ఎవరి పిర్రలు చూసినా నీలి మచ్చలే. ఒకడు చాప తడిపేశాడు. ఇద్దరు పాకుతూ పారిపోబోయారు. చిట్టచివరి వాడిని తెచ్చి పడుకోబెట్టింది స్వయానా సూరిబాబు భార్య విజయలెచ్చుమి. వాడు వాళ్ళబ్బాయే. మచ్చ అరచేతంత ఉంది.

చిన్నతల్లి వాడిని చూపించి, ఇక్కడివాళ్ళందరిలా మాట చివర 'లా' తగిలించి, సూరిబాబునే అడిగింది.

"కిరాణీ గారూ, ఈడినెవులు కొట్టినారు? దొరసానమ్మకి సెప్పండి లా."

దొరసాని చాపల చివరిదాకా రెండుసార్లు నడిచింది. ఒంగి ఒకడి మచ్చను వేలితో నొక్కితే వాడు కిలకిలా నవ్వాడు. ఆమె ముఖం ఎర్రబడింది. అమ్మ దగ్గరికి వచ్చి నెమ్మదిగా ఏదో అంది. దాన్ని మాత్రం సూరిబాబు ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాడు, తప్పయిపోయిందని. మర్నాడు జీపులో ఇంటికి వచ్చాను. లైన్లలో ఆడవాళ్ళు నన్ను చేతులు మార్చుకుంటూ ముద్దులు పెట్టి ఏడిపించేశారట.

మెర్డెకా నాడు ఎస్టేటు మైదానంలో నాన్న తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ గడలు పాతాడు. తాడెక్కే ముందు అమ్మ నన్ను చంకనేసుకొని చుట్టూ చూసింది. చిన్నతల్లి చేతులు చాచింది. అమ్మ ఆమెను దాటి వెళ్ళి, నన్ను సూరిబాబు చేతుల్లో పెట్టింది.

"జాగర్తగా పట్టుకోండి. సిన్న గీత పడినా నన్నే అడుగుతారు."

జనమంతా పైకి చూస్తూ ఈలలు వేస్తుంటే, ఆయన మాత్రం ఆట అయ్యేదాకా నన్నే చూస్తూ నిలబడ్డాడట.