అమ్మ మంచం పక్క గోడ

తెల్లవారకముందే లేచి, అమ్మ మంచం పక్క గోడకు చెమ్మతో పట్టిన నల్లబూజును నా పాత ఓణీతో తుడిచేదాన్ని. ఆమె కళ్ళు తెరిచేసరికి గోడ శుభ్రంగా కనిపించాలని. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆళ్ళగడ్డలో మాది మట్టిమిద్దె. రాయీ మట్టీ పెట్టి కట్టిన మందపాటి గోడలు. వానలకు అడుగున చెమ్మ ఎక్కేది, ఎండ రాగానే ఆరిపోయేది. ఏటా అమ్మే మట్టి మెత్తి సున్నం కొట్టేది. ఆయాసం ముదిరాక ఆ పని ఆమె వల్ల కాలేదు. చలిగాలీ చెమ్మా ఇంట్లోకి రాకపోతే ఆమె కోలుకుంటుందని నాయన నమ్మాడు. అవి డెబ్బైల చివరి రోజులు. సిమెంటు పర్మిట్టు మీదే దొరికేది. ఎక్కడెక్కడో తిరిగి తెచ్చి గోడలకు లోపలా బయటా పూయించాడు. పొగ పోవడానికి మిద్దె కప్పు నడుమ వదిలిన కంతను, గవాచిని కూడా నాపబండతో మూసి, చుట్టూ సిమెంటు మెత్తించాడు.

పక్కింటాయన వీధిలో నిలబడి నవ్వాడు.

"ఏందప్పా, గోడలకు కోటు కుట్టిస్తాండావా?"

"నవ్వు, నవ్వు. వానలు రానీ, నీ ఇంటికొచ్చి మేం నవ్వుతాం," అన్నాడు నాయన. ఆయన్ను అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

వానలు పట్టాయి. నేలలోంచి ఎక్కిన తడికి ఆరే దారి లేదు. సిమెంటు వెనకే పైకి పాకి, అమ్మ తల దగ్గర నల్లగా బయటపడింది. గూట్లోని నా పుస్తకాల అట్టలు ఉబ్బి, పేజీలు అతుక్కుపోయాయి. పొయ్యి పొగ ఇంట్లోనే తిరిగేది. అమ్మ పడుకోలేక కూర్చునే కునికేది.

ఒకరోజు ధైర్యం చేసి అన్నాను. "గవాచి తీస్తే, నాయనా..."

"ఉన్న గాలికే దగ్గుతాంది. ఇంకా గాలి తెస్తావా?"

గోడ ఎక్కడ ఉబ్బితే అక్కడ ఇంకింత సిమెంటు మెత్తాడు. రాత్రీ పగలూ ఆమె వీపు నిమిరిందీ ఆ చేతులతోనే.

చలి మొదలయ్యేసరికి అమ్మకు ఊపిరి అందకుండా పోయింది. నంద్యాల ఆసుపత్రికి జీపు మాట్లాడారు. అక్కడినుంచి ఆమె ప్రాణంతో తిరిగి రాలేదు. ఆ రోజు ఆమెను జీపు ఎక్కించాక, నాయన డ్రైవరుతో మాట్లాడుతుంటే, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మాట మాటకూ ఆగుతూ అంది:

"మీ నాయన్ను ఏమీ అనద్దు, పాపా. నువ్వు మాత్రం ఆ ఇంట్లో పండుకోవద్దు."